రేవు దాటి పెరిగినదాన్ని, బోటు పరీక్ష తప్పాను

మాది సఖినేటిపల్లి. అవతలి ఒడ్డు నర్సాపురం, మధ్యలో వశిష్ఠ గోదావరి. డిగ్రీ చదివిన మూడేళ్ళూ పొద్దున పంటెక్కి కాలేజీకి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ పంటెక్కి ఇంటికొచ్చాను. పంటు మీద మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, పాల క్యాన్లు, ముహూర్తాల రోజుల్లో పెళ్ళివారి కార్లు, ఆ సందుల్లో మేము. సెలవులొస్తే మా చిన మావయ్య నాటుపడవ మీద కాలవలో తిరిగేవాళ్ళం. ఆయన గెడ వేస్తుంటే నేను వెనక చుక్కాని దగ్గర కూర్చునేదాన్ని. పడవ నేనే నడుపుతున్నానని నాకో నమ్మకం. ఆయనెప్పుడూ కాదనలేదు.

అందుకే, కెనడా వచ్చిన ఇన్నేళ్ళకి, చెరువులాంటి నీళ్ళలో చిన్న మోటారు బోటు నడపడానికి కార్డు కావాలంటే నవ్వొచ్చింది. "నాక్కూడానా?" అన్నాను మా ఆయనతో. ఆ పరీక్ష మొదటిసారి తప్పాను. ఎలా తప్పానో చెబుతాను.

మేముండేది ఒంటారియో రాష్ట్రంలో, బ్రాంప్టన్‌లో. మే నెలలో విక్టోరియా డే లాంగ్ వీకెండ్ వస్తే ఇక్కడ జనమంతా ఉత్తరానికి, కాటేజీలకి పరిగెడతారు. మేమూ, ఇంకో తెలుగు కుటుంబమూ కలిసి కవార్తా లేక్స్‌లో స్టర్జన్ లేక్ ఒడ్డున ఒక కాటేజీ తీసుకున్నాం. ఇంటితోపాటు 16 అడుగుల అల్యూమినియం బోటు, దానికి 25 హార్స్‌పవర్ మోటారు. డబ్బు కట్టిన మర్నాడు ఇంటి ఓనరు నుంచి మెసేజీ: "మీలో పీసీఓసీ ఎవరికుంది? లేకపోతే బోటు తాళం ఇవ్వను."

పీసీఓసీ అంటే ప్లెజర్ క్రాఫ్ట్ ఆపరేటర్ కార్డు. సరదాకి మోటారు బోటు నడిపేవాళ్ళకి ఈ నిబంధన 1999లో వచ్చింది. అందరికీ ఒకేసారి కాకుండా విడతలుగా పెట్టుకుంటూ వచ్చి, 2009 సెప్టెంబరు 15 నుంచి వయసుతో పని లేకుండా అందరికీ తప్పనిసరి చేశారు. మోటారు ఎంత చిన్నదైనా ఇదే లెక్క. చేపలు పట్టేవాళ్ళు తగిలించుకునే బ్యాటరీ మోటారుకి కూడా కార్డుండాలి. తెడ్డు వేసుకునే కనూకీ, కయాక్‌కీ అక్కర్లేదు. కార్డు లేకుండా దొరికితే జరిమానా 250 డాలర్లు.

"పోయిన వేసవిలో బోటు తీసుకున్నాంగా, అప్పుడెవరూ అడగలేదే" అన్నారు మా ఆయన. నిజమే. అప్పుడు వేరే లేక్ దగ్గర అద్దెకి తీసుకున్నాం. అద్దె బోటుకి ఒక వెసులుబాటుంది. అద్దెకిచ్చేవాళ్ళు ఒక చెక్‌లిస్టు ప్రకారం అన్నీ చూపించి, ఇద్దరూ సంతకాలు పెడితే, ఆ అద్దె పూర్తయ్యేదాకా ఆ కాగితమే కార్డు కింద లెక్క. మాకు చూపించిన కుర్రాడికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. వెనక ఇంకా నాలుగు కుటుంబాలు వరసలో ఉన్నాయి. టిక్కు టిక్కు టిక్కు, ఇక్కడో సంతకం, ఇది గేరు, ఇది ఆపే బటను, బై. ఐదు నిమిషాలు పట్టలేదు. ఆ మధ్యాహ్నమంతా మేం ఒడ్డు పక్కనే జోరుగా తిరిగాం. పిల్లలిద్దరూ ముందు అంచు మీద కాళ్ళు వేలాడేసి కూర్చున్నారు, వాళ్ళ ఫొటోలు కూడా తీశాను. ఒంటారియోలో ఒడ్డుకి 30 మీటర్ల లోపల గంటకి 10 కిలోమీటర్లు దాటకూడదట. ముందు కూర్చున్న పిల్లవాడు జారితే నేరుగా మోటారు రెక్కల కిందికే వెళ్తాడట. ఈ రెండు ముక్కలూ కోర్సులో చదివాక ఆ ఫొటోలు మళ్ళీ చూడబుద్ధి కాలేదు.

సరే, కార్డు నేనే తీసుకుంటానన్నాను. మొదటి అడుగే తప్పు వేశాను. గవర్నమెంటు సైటులో "ప్లెజర్ క్రాఫ్ట్ లైసెన్సు" అని కనిపిస్తే అదే అనుకుని ఫారం నింపడం మొదలుపెట్టాను. పేరు, అడ్రసు బాగానే సాగాయి. తర్వాత బోటు హల్ నంబరు అడిగింది. నా దగ్గర బోటేదీ? అప్పుడు వెలిగింది. లైసెన్సు బోటుకి, కార్డు మనిషికి. మన భాషలో చెప్పాలంటే అది ఆర్‌సీ, ఇది డ్రైవింగ్ లైసెన్సు. 10 హార్స్‌పవర్, ఆపైన మోటారున్న బోటుకి లైసెన్సు నంబరుండాలి, ఆ అంకెలు ముందు భాగంలో రెండు వైపులా కనీసం 7.5 సెంటీమీటర్ల ఎత్తున కనిపించాలి. పేర్లు ఇంత దగ్గరదగ్గరగా ఎందుకు పెట్టారో తెలీదు. మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ సగం మంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

కార్డు గవర్నమెంటు నేరుగా ఇవ్వదు. ట్రాన్స్‌పోర్ట్ కెనడా, అంటే ఇక్కడి కేంద్ర రవాణా శాఖ, అనుమతించిన సంస్థలు కోర్సు చెప్పి, పరీక్ష పెట్టి ఇస్తాయి. నాకు 60 డాలర్ల లోపే అయింది. ఆన్‌లైన్ కోర్సే, ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. కాకపోతే పేజీలు మన ఇష్టం వచ్చినట్టు తిప్పడానికి కుదరదు. ప్రతి పేజీకీ ఒక గడియారం. ఆ సమయం అయ్యేదాకా "తర్వాత" బటను పనిచెయ్యదు. మొత్తం కనీసం మూడు గంటలు కూర్చోవాల్సిందే. పిల్లలు పడుకున్నాక మొదలుపెట్టేదాన్ని. మొదటి రాత్రి గడియారం తిరుగుతుంటే గిన్నెలు తోముకున్నాను. నాకు తెలిసిన సంగతులేగా అనుకున్నాను.

మొదట వచ్చేవి పోర్టు, స్టార్‌బోర్డు. బోటులో ముందుకి చూస్తూ నిలబడితే ఎడమ పక్క పోర్టు, కుడి పక్క స్టార్‌బోర్డు. చీకటి పడితే పోర్టు వైపు ఎర్ర దీపం, స్టార్‌బోర్డు వైపు ఆకుపచ్చ దీపం, వెనక తెల్లది. వాళ్ళ కోర్సులో దీనికేవో ఇంగ్లీషు కిటుకులు చెప్పారు. నాకవి ఒంటబట్టలేదు. మన భాషలో దారి సులువు: ఎడమ, ఎరుపు. రెండూ 'ఎ'. ఇంక చచ్చినా మర్చిపోలేదు. రాత్రి ఎదుటి బోటు ఎర్ర దీపం కనిపించిందంటే అది మన కుడి నుంచి ఎడమకి అడ్డంగా వెళ్తోందన్నమాట, మనమే తప్పుకోవాలి. ఆకుపచ్చ కనిపిస్తే మన దారిన మనం నిలకడగా వెళ్ళొచ్చు. ట్రాఫిక్ సిగ్నలు లాంటిదే.

తర్వాత బూయీలు. నీటి మీద తేలే గుర్తులు. మేం చదువుకున్నప్పుడు వీటిని బాయ్ అనేవాళ్ళం, ఇక్కడ బూయీ అంటారు. ఎర్ర బూయీ, ఆకుపచ్చ బూయీ, రెంటి మధ్యా లోతున్న దారి. ఎగువకి వెళ్తున్నప్పుడు ఎర్రది మన కుడి చేతి వైపు ఉండాలి, ఆకుపచ్చది ఎడమ వైపు. దిగువకి వచ్చేటప్పుడు తిరగబడుతుంది. ఇక్కడే నా 'ఎడమ, ఎరుపు' నా కొంప ముంచింది. దీపం ఎర్రది ఎడమకి, బూయీ ఎర్రది కుడికి. ఒకదాని కోసం కట్టుకున్న కిటుకు రెండోదాన్ని చెడగొట్టింది.

దానికి తోడు ఎగువ, దిగువ అనేవి నాకు కొట్టినపిండి అనుకున్నాను. గోదావరి ఎటు పారుతుందో చూస్తే తెలుస్తుంది కదా! కవార్తా లేక్స్ అలా కాదు. ఇవన్నీ ట్రెంట్-సెవర్న్ అనే పొడుగాటి నీటి దారిలో భాగం. లేక్ ఒంటారియో ఒడ్డున ట్రెంటన్ దగ్గర మొదలై జార్జియన్ బే ఒడ్డున పోర్ట్ సెవర్న్ దాకా 386 కిలోమీటర్లు. మధ్యలో లాకులు, అంటే ఎత్తు తేడా ఉన్నచోట బోట్లని ఎక్కించే, దించే తలుపుల కట్టడాలు. లాకులంటే కోనసీమవాళ్ళకి కొత్త కాదు, కానీ పీటర్‌బరోలో 1904లో కట్టిన లాకుకి తలుపులతోపాటు రెండు పెద్ద తొట్లున్నాయి, త్రాసు పళ్ళేల్లా ఒకటి దిగితే ఒకటి లేస్తుంది. బోటుని నీళ్ళతో సహా దాదాపు 20 మీటర్లు ఎత్తేస్తుంది. మా ధవళేశ్వరం చూసినదాన్నే, అయినా నోరు తెరుచుకుని చూశాను. ఇంతకీ సంగతేమిటంటే, ఈ దారిలో అన్నిటికంటే ఎత్తున ఉన్నది బాల్సమ్ లేక్. ట్రెంటన్ వైపు నుంచి వచ్చేవాళ్ళకి కిర్క్‌ఫీల్డ్ లాకు దాకా ఎగువ, అది దాటగానే దిగువ. అంటే ఒకే దిక్కుగా వెళ్తున్నా కిర్క్‌ఫీల్డ్ దగ్గర ఎర్ర బూయీ కుడి నుంచి ఎడమకి మారిపోతుంది. మాకు స్టర్జన్ లేక్‌లో ఫెనెలాన్ ఫాల్స్ వైపు వెళ్తే ఎగువ, బాబ్‌కేజన్ వైపు వెళ్తే దిగువ. నీళ్ళు చూస్తే ఎటూ పారుతున్నట్టే ఉండవు.

పరీక్షలో 50 ప్రశ్నలు. 75 శాతం రావాలి, అంటే 38. ఒక ఆదివారం మధ్యాహ్నం, పప్పు కుక్కర్లో పడేసి, మూడో కూత వచ్చేలోగా అయిపోతుందని కూర్చున్నాను. 35 వచ్చాయి.

మా ఆయన ఏమీ అనలేదు. కుక్కర్ కట్టేసి వచ్చి, "గోదావరి తల్లి ఏమందిట?" అన్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

తప్పిన ప్రశ్నల గురించి ఆ రాత్రంతా ఆలోచించాను. బూయీలు సరే. ఇద్దరు ఎదురుపడితే ఎవరు తప్పుకోవాలన్న దానిలోనూ తప్పాను. మా రేవులో ఆ లెక్క సులువు: పంటు వస్తుంటే చిన్న పడవ తప్పుకోవాలి, సరంగు కేకేస్తే అందరూ తప్పుకోవాలి. ఇక్కడ రెండు మోటారు బోట్లు అడ్డంగా వస్తుంటే సైజుతో పని లేదు. నా కుడి పక్కనుంచి వచ్చేవాడికి నేను దారివ్వాలి. కేకలకి బదులు హారను: వరసగా ఐదు పొట్టి కూతలంటే "నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావట్లేదు, జాగ్రత్త" అని.

వీటన్నిటికంటే గుచ్చుకున్నది ఇంకోటి. మనిషి నీళ్ళలో పడితే మొదట ఏం చేస్తావు? నేను "దూకి పట్టుకుంటాను" అన్న జవాబు నొక్కాను. ఆలోచించి నొక్కలేదు, చెయ్యి వెళ్ళిపోయింది. మా ఊళ్ళో ఎవరైనా నీళ్ళలో పడితే రేవులో ఉన్న నలుగురూ దూకుతారు, అది చూసే పెరిగాను. సరైన జవాబు వేరు: తేలే వస్తువేదైనా వాళ్ళ వైపు విసరాలి, ఒకరు చూపు తిప్పకుండా పడ్డ మనిషిని వేలితో చూపిస్తూ ఉండాలి, మోటారు రెక్కలు వాళ్ళ నుంచి దూరంగా పోయేలా బోటు తిప్పాలి. దూకడం ఆఖరి మాట. ఎందుకో కోర్సులోనే ఉంది, నేను గిన్నెలు తోముకుంటూ దాటేసిన పేజీలో.

ఆ పేజీ చన్నీళ్ళ గురించి. 15 డిగ్రీల లోపు నీళ్ళలో పడితే ఏమవుతుందో 1-10-1 అని గుర్తు పెట్టుకోమంటారు. మనిటోబా యూనివర్సిటీలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ప్రొఫెసరు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు, తనే గడ్డకట్టే నీళ్ళలో దిగి ప్రయోగాలు చేసిన మనిషి. మొదటి 1 నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు. గుప్పున గాలి పీల్చేస్తాం, ఆ క్షణం తల నీళ్ళ కింద ఉంటే అంతే. తర్వాత 10 నిమిషాలు చేతులూ కాళ్ళూ చెప్పిన మాట వింటాయి, ఆ తర్వాత వినవు, ఎంత గజ ఈతగాడైనా. చలికి స్పృహ తప్పడానికి మాత్రం దాదాపు 1 గంట పడుతుంది. అంటే చన్నీళ్ళలో పడినవాళ్ళు చాలామంది చలికి చచ్చిపోయేదాకా కూడా ఉండరు, అంతకు ముందే మునిగిపోతారు. ఒంటి మీద లైఫ్‌జాకెట్ ఉంటే ఆ గంట మిగులుతుంది. పడ్డాక వేసుకుందామంటే వేళ్ళు బకిల్ పెట్టలేవు.

నాకు వచ్చిన ఈత గోరువెచ్చటి నీళ్ళ ఈత. ఆ సంగతి ఎప్పుడూ తట్టలేదు.

పరీక్ష తప్పితే 24 గంటలు ఆగి మళ్ళీ రాయొచ్చు. నేను వారం ఆగాను. రెండు స్టీలు గ్లాసులు డైనింగ్ టేబుల్ మీద పెట్టి, ఒకదానికి మా చిన్నదాని ఎర్ర రిబ్బను, ఇంకోదానికి ఆకుపచ్చ రిబ్బను కట్టి, మధ్యలోంచి ఉప్పు డబ్బాని నడిపాను. వంటింటి వైపు ఎగువ, హాలు వైపు దిగువ. మా ఊరి యాసలో కొత్త కిటుకు కట్టుకున్నాను: "ఎగువకి ఎల్తే ఎర్రది కుడికి." రెండోసారి 46 వచ్చాయి. సర్టిఫికెట్ ప్రింటు తీసుకున్నాను, ప్లాస్టిక్ కార్డు తర్వాత పోస్టులో వచ్చింది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. పరీక్ష ఇంట్లోనే, మన కంప్యూటరు మీదే. ఎవరి సాయమూ తీసుకోలేదని మనమే ఒప్పుకుంటూ క్లిక్ చెయ్యాలి. నేను పాసయ్యానని తెలిసి మా కజిన్ ఒకడు ఫోన్ చేసి "అక్కా, జవాబులు రాసి పెట్టుకున్నావా?" అని అడిగాడు. 1-10-1 గురించి మొత్తం చెప్పి ఫోన్ పెట్టేశాను, మళ్ళీ అడగలేదు. ఈ కార్డుకి గడువు లేదు, ఒకసారి వస్తే జీవితాంతం అంతే. నీళ్ళ మీద నడిపి చూపించమని ఎవరూ అడగరు. కారుకి రోడ్డు టెస్టు పెట్టే దేశం బోటుకి ఎందుకు పెట్టదో నాకు అంతుపట్టలేదు. దాని ఫలితం నాకు మూడు రోజుల్లోనే తెలిసింది, ఆ సంగతి కింద చెబుతాను.

శుక్రవారం సాయంత్రం కాటేజీ చేరాం. అందరూ బార్బెక్యూ దగ్గర చేరితే నేను కోర్సులో రాసుకున్న కాగితం పట్టుకుని డాక్ మీదికి వెళ్ళాను. 6 మీటర్ల లోపు బోటులో ఏమేం ఉండాలో అందులో ఉంది. మనిషికొకటి చొప్పున సరిపడే లైఫ్‌జాకెట్లు, తేలే తాడు కనీసం 15 మీటర్లు, తెడ్డు గానీ లంగరు గానీ, నీళ్ళు తోడే డబ్బా గానీ చేతి పంపు గానీ, నీళ్ళు చొరని టార్చి, ఈలో హారనో. తెడ్లు రెండున్నాయి. టార్చి ఉంది, వెలగదు. తాడు ఉంది, బట్టలారేసుకునే తాడులా ఉంది, నీళ్ళలో వేస్తే మునిగింది. డబ్బా లేదు. లైఫ్‌జాకెట్లు ఐదు, అన్నీ పెద్దవాళ్ళవి, రెంటికి బూజు. ఓనరుకి ఫోటోలు పంపితే "ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదు" అని జవాబొచ్చింది.

శనివారం పొద్దున లిండ్సే వెళ్ళి తాడు, టార్చి, రెండు పిల్లల జాకెట్లు కొన్నాం. జాకెట్ లోపలి లేబుల్ మీద ఎన్ని కిలోల మనిషికో రాసి ఉంటుంది. పిల్లలకి వయసు చూసి కాదు, బరువు చూసి కొనాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం, చెవులు దాటి పైకి రాకూడదు. నీళ్ళు తోడే డబ్బాకి డబ్బు పెట్టలేదు. మనిళ్ళలో ఉండే 2 కిలోల పెరుగు బకెట్ కడిగి తాడు కట్టాను. నిబంధన ప్రకారం మూతి 65 చదరపు సెంటీమీటర్లు, లోపల 750 మిల్లీలీటర్లు పట్టాలి. మన పెరుగు బకెట్ రెండింటికీ సరిపోయి మిగిలింది.

మా స్నేహితురాలి భర్త కూలర్ నిండా బీర్లు తెచ్చి బోటులో పెట్టబోయారు. ఒంటారియోలో ఇలాంటి చిన్న బోటులో మందు తాగడం కారులో తాగినట్టే, నడిపేవాడు తాగితే కారు లైసెన్సే పోతుంది అని చెప్పాను. "సరదాకొచ్చామా, పరీక్షకొచ్చామా అండీ" అని నవ్వుతూనే కూలర్ వెనక్కి పట్టుకెళ్ళారు.

అసలు గొడవ మా అత్తయ్యతో. ఆవిడది రాజోలు దగ్గర. 68 ఏళ్ళు. జాకెట్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "జాకెట్టు మీద జాకెట్టేమిటే?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. "గోదావరి ఈదినదాన్ని నేను. ఈ గుంటలో పడితే పోతానా?" పరీక్ష తప్పకముందు నేననుకున్న మాటలే. 1-10-1 చెబితే వినరని తెలుసు. 2019లో పాపికొండలకి వెళ్ళే బోటు కచ్చులూరు దగ్గర మునిగినప్పుడు ఆవిడ మా ఇంట్లోనే ఉన్నారు, రెండు రోజులు టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. పండగ పూట ఎందుకులెమ్మని మింగేశాను. "అత్తయ్యా, ఒక్కసారి నీళ్ళలో చెయ్యి పెట్టండి, ఎలా ఉన్నాయో చూడండి" అన్నాను. డాక్ మెట్టు మీద కూర్చుని, గాజులు వెనక్కి తోసుకుని, మోచేతిదాకా ముంచారు. ఇరవై లెక్కపెట్టేలోపు తీసేశారు. వేళ్ళు ఎర్రబడ్డాయి. చీర కొంగుతో తుడుచుకుని, కాసేపు లేక్ వైపు చూసి, "ఇలా తే" అన్నారు. బకిళ్ళు మాత్రం నన్నే పెట్టమన్నారు.

బోటు వెనక ప్లేటు మీద నలుగురికి మించకూడదని ఉంది. మేం తొమ్మిది మందిమి. విడతలుగా తిప్పాను. నడిపేది నేనొక్కదాన్నే, ఎందుకంటే కార్డున్నవాళ్ళు పక్కన కూర్చున్నా సరే, కార్డు లేనివాళ్ళు మోటారు మీద చెయ్యి వెయ్యకూడదు. మా ఆయనకిది మింగుడు పడలేదు. కానీ ఆ మోటారుకి స్టీరింగుండదు, వెనక చేతికర్ర. కర్ర ఎడమకి తోస్తే బోటు కుడికి తిరుగుతుంది. కారు అలవాటున్నవాళ్ళకి ఇది తికమక. నా చేతికి మాత్రం ముప్పై ఏళ్ళ తర్వాత కూడా చుక్కాని గుర్తుంది. మోటారు ఆగిపోయే స్విచ్చు తాడు మణికట్టుకి తగిలించుకుని, నేను పడితే ఇంజను ఆగుతుందని పిల్లలకి లాగి చూపించి, బయల్దేరాం. ఫెనెలాన్ ఫాల్స్ వైపు వెళ్తుంటే ఎర్ర బూయీ నా కుడి పక్కనుంచి దాటింది. పెద్దగా కేక పెట్టాను. బోటులో ఎవరికీ ఎందుకో అర్థం కాలేదు.

తిరిగొచ్చి డాక్‌కి ఆనించేటప్పుడు తెలిసింది, కార్డు నాకేం నేర్పలేదో. లేక్ మీంచి గాలి డాక్ వైపు తోస్తోంది. నెమ్మదిగానే వస్తున్నాననుకున్నాను, బోటు నా మాట వినలేదు. కారైతే బ్రేకుంటుంది, పడవైతే మావయ్య గెడ గుచ్చి ఆపేవాడు. ధడేల్‌మని తగిలింది. అల్యూమినియం కాబట్టి సొట్టతో పోయింది, మా స్నేహితురాలి చేతిలో చిప్స్ ప్యాకెట్ నీళ్ళపాలైంది. పక్క కాటేజీ పెద్దాయన చూస్తున్నాడు. ఆయనే వచ్చి అరగంట నేర్పాడు: నడిచేంత వేగంకంటే తక్కువలో రా, గాలికి ఎదురుగా కొంచెం ఏటవాలుగా రా, ముందే న్యూట్రల్‌లో పడెయ్, చివర్లో ఒక్క క్షణం రివర్స్, చేతులూ కాళ్ళూ అడ్డం పెట్టి ఎవరినీ ఆపనివ్వకు. ఆ అరగంటా కోర్సులో లేదు. మీరు కార్డు తీసుకుంటే గనక, జనం లేని పొద్దున పూట ఒక్కరే వెళ్ళి డాక్‌కి పదిసార్లు ఆనించి చూడండి. నేను ఆదివారం పొద్దున అదే చేశాను.

ఆదివారం మధ్యాహ్నం, అత్తయ్యతో బాబ్‌కేజన్ వైపు వెళ్తుంటే ఓపీపీ బోటు మా పక్కకొచ్చింది. ఒంటారియో ప్రొవిన్షియల్ పోలీసులు. గుండె దడ మొదలైంది. కార్డు అడిగారు, ప్రింటు తీసిన కాగితం చూపించాను. జాకెట్లు ఎంచారు. తాడు చూపించమన్నారు, ఈల ఊదమన్నారు. నీళ్ళు తోడే డబ్బా అడిగితే అత్తయ్య తనే పెరుగు బకెట్ ఎత్తి చూపించారు. ఆ ఆఫీసరు దాని మీది బొమ్మ చూసి నవ్వాడు. అన్నీ అయ్యాయి అనుకున్నాను. "బోటు లైసెన్సు కాపీ?" అన్నాడు.

లేదు. ఆ కాగితం బోటులో ఉండాలని చదివాను, అది ఓనరు పనిలెమ్మని వదిలేశాను. మొదటి రోజు పొరపాటున నింపబోయిన ఆ లైసెన్సే. అద్దె కాటేజీ బోటని చెప్పి ఓనరు మెసేజీలు చూపించాను. బోటు మీది నంబరు రాసుకుని, రేడియోలో ఏదో కనుక్కుని, ఈసారికి హెచ్చరికతో వదిలేశాడు. వెళ్తూ వెళ్తూ అత్తయ్య జాకెట్ వైపు బొటనవేలు చూపించాడు. "ఏమంటాడే?" అన్నారు ఆవిడ. "బాగుందంటున్నాడు అత్తయ్యా" అన్నాను. "చీర రంగుకి కలిసింది కదా మరి" అన్నారు.

ఇప్పుడు మా పెద్దది కోర్సు మొదలుపెట్టింది. పదమూడేళ్ళు. కార్డుకి కనీస వయసు లేదు. 12 నుంచి 16 లోపు వాళ్ళు పెద్దవాళ్ళు పక్కన లేకుండా 40 హార్స్‌పవర్ దాకా నడపొచ్చు, జెట్ స్కీ మాత్రం 16 నిండాకే. ఒంటరిగా నేను పంపను, అది వేరే సంగతి. నిన్న రాత్రి లాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "అమ్మా, కిర్క్‌ఫీల్డ్ దాటాక ఎర్రది ఏ పక్కకి మారుతుంది?" అని అడిగింది. రిబ్బన్లు ఎక్కడ పెట్టానో వెతకడానికి వెళ్ళాను.